రేసింగ్ ఇంజన్‌లో పార్ట్ దెబ్బతింటే బాగుచేయించాలా, కొత్తది వేయాలా?

ఇంజన్ విప్పి పార్టులన్నీ బల్ల మీద పరిచాక చాలామంది చేసే మొదటి పని రేట్లు కనుక్కోవడం. కొత్త క్రాంక్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే షాఫ్ట్) ఎంత, పాతదాని గ్రైండింగ్‌కి ఎంత, ఏది తక్కువైతే అది. మామూలు బండికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. కానీ బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచిన ఇంజన్‌కో, ఎక్కువ ఆర్‌పీఎం దాకా లాగే ఇంజన్‌కో, రేసులో తిప్పేదానికో ఇది సరిపోదు. అక్కడ రేటు కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఈ పార్ట్ ఎందుకు పోయింది? ఇదే మళ్ళీ పోతే దీని వెంట ఇంకేమేం పోతాయి? ఈ రెండూ తేలితే బాగుచేయించాలా మార్చాలా అన్నది చాలాసార్లు దానంతట అదే తేలిపోతుంది.

కడగకముందే చూడండి

విప్పగానే అన్నీ కడిగి శుభ్రంగా పెట్టాలనిపిస్తుంది, కానీ కాసేపు ఆగండి. పార్టుల మీదున్న మసి, ఆయిల్ మరకలు, రంగు మారిన చోట్లు, ఇవే అసలు సంగతి చెప్పేవి, ఒకసారి కడిగేస్తే మళ్ళీ రావు. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌దో, ఏ బేరింగ్ షెల్ (బేరింగ్‌లో సగం ముక్క) పైదో ఏది కిందిదో మార్కర్‌తో రాసుకుని, ఫోటోలు తీసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

ముందు ఆయిల్ ఫిల్టర్ కోయండి. లోపలి మడతల కాగితాన్ని తెల్లటి గుడ్డ మీద పరిచి, మంచి వెలుతురులో చూసి, తర్వాత మాగ్నెట్ పెట్టండి. మాగ్నెట్‌కి అంటుకుంటే అది స్టీలో ఇనుమో, అంటే క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్), లిఫ్టర్లు (క్యామ్ నెట్టే ముక్కలు), రింగులు, ఆయిల్ పంప్ గేర్లు లాంటి వాటి నుంచి వచ్చినట్టు. అంటుకోకుండా తెల్లగా మెరుస్తుంటే పిస్టన్ అల్యూమినియమో బేరింగ్ పై పొరో అయి ఉంటుంది, రాగి రంగు రజను కనిపిస్తే మాత్రం బేరింగ్ పై పొర అరిగిపోయి లోపలి పొర దాకా వచ్చేసిందని అర్థం.

తర్వాత కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ షెల్ ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకి అటూ ఇటూ వంచి చూడండి. అంతా ఒకే రకం మసక బూడిద రంగులో ఉంటే బాగా పనిచేసిన బేరింగ్ అది. ఒక అంచు మాత్రమే మెరుస్తూ అరిగి ఉంటే రాడ్ వంగిందేమో, జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) ఒకవైపు సన్నబడిందేమో చూడాలి. చుట్టూ సన్నటి గీతలు పడి, మధ్యలో చిన్న నలకలు దిగబడి ఉంటే ఆయిల్‌లో చెత్త తిరిగినట్టు. పై షెల్ దెబ్బతిని కింది షెల్ బాగానే ఉంటే అనుమానం డిటోనేషన్ (స్పార్క్ తర్వాత మిగిలిన ఇంధనం తనంతట తానే ఒక్కసారిగా పేలడం) మీదకే వెళ్ళాలి, ఎందుకంటే కంబషన్ దెబ్బ రాడ్‌లో పై షెల్ మీదే పడుతుంది. రెండూ నల్లబడి, లోహం కరిగి జారినట్టు ఉంటే ఆయిల్ అందలేదు.

పిస్టన్ తల కూడా ఇలాగే మాట్లాడుతుంది. అంచుల్లో ఇసుకతో కొట్టినట్టు సన్నటి గుంటలు, రింగుల మధ్య గట్టు విరిగి ఉండటం, ఇవి డిటోనేషన్ గుర్తులు. నడిమధ్యలో కరిగి రంధ్రం పడితే అది ప్రీ-ఇగ్నిషన్, అంటే స్పార్క్ రాకముందే మంట అంటుకుంది. స్పార్క్ ప్లగ్ పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లటి చుక్కలో, మెరిసే అల్యూమినియం చుక్కలో ఉన్నాయేమో భూతద్దంతో చూడండి, ఉంటే ఆ సిలిండర్‌లో పిస్టన్ అప్పటికే బాధపడుతోందన్నమాట.

ఒక్క సిలిండర్‌లోనే ఇలా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్ సరిగ్గా కొడుతోందో లేదో చూడండి. అన్నింటిలో ఉంటే ఫ్యూయల్ పంప్, టైమింగ్, ట్యూనింగ్ మ్యాప్ చూడండి. కారణం దొరక్కుండా కొత్త ఫోర్జ్‌డ్ పిస్టన్ వేశారంటే పాతదాన్ని చంపినదే కొత్తదాన్నీ చంపుతుంది. ఇంకొంచెం డబ్బు ఎక్కువ పోతుంది, అంతే తేడా.

ఇది పోతే దీని వెంట ఏం పోతుంది

రాకర్ కవర్ పగిలితే ఆయిల్ కారుతుంది. రాడ్ బోల్టు తెగితే రాడ్ బ్లాక్‌లోంచి బయటికొస్తుంది, క్రాంక్, హెడ్, పిస్టన్ అన్నీ పోతాయి, ఆయిల్ టైరు కింద పడితే బండి నడిపేవాడి ప్రాణానికే ముప్పు. ఈ రెండింటినీ ఒకే తూకంతో తూచకూడదు. పార్ట్ ఎంత ఖరీదైనదన్నది పక్కనపెట్టి, అది విరిగినప్పుడు ఎంత నష్టమో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

ఇంకో సంగతి. పిస్టన్, రాడ్, వాల్వు లాంటి ముందుకీ వెనక్కీ కదిలే పార్టుల మీద పడే ఇనర్షియా లోడ్ ఆర్‌పీఎంతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర పడే లోడ్ 9,000 దగ్గరికి వెళ్ళేసరికి 2.25 రెట్లు అవుతుంది. అందుకే మామూలు ఇంజన్‌లో లక్షణంగా నడిచిన రిపేర్ రేసింగ్ ఇంజన్‌లో నడుస్తుందని ఎవరైనా చెబితే, ఏ ఆర్‌పీఎం దగ్గర నడిచిందో అడగండి.

ఆలోచించకుండా మార్చేయాల్సినవి

రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్ళు, ఒకసారి సాగి బిగుసుకునే హెడ్ బోల్టులు. వీటి మీద చర్చే లేదు.

బేరింగ్ పోయి ఆయిల్ నిండా రజను తిరిగిన ఇంజన్ అయితే ఆ జాబితాలోకి ఆయిల్ కూలర్‌ని కూడా చేర్చండి. దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కూలర్ లోపల సన్నటి దారులుంటాయి, వాటిలో చిక్కుకున్న రజను ఎంత ఫ్లష్ చేసినా పూర్తిగా బయటికి రాదు, కొత్త ఇంజన్ వేడెక్కి ఆయిల్ ప్రవాహం పెరిగాక మెల్లగా ఊడి వస్తుంది. ఎంతో శ్రద్ధగా కట్టిన ఇంజన్‌లో కొత్త బేరింగులు కొద్ది రోజులకే గీతలు పడితే ముందు కూలర్‌నే అనుమానించాలి. ఆయిల్ పంప్ సంగతీ అంతే. ఫిల్టర్ పంప్ తర్వాత ఉంటుంది కాబట్టి సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి)లోని రజను ముందు పంప్ గేర్ల మధ్య నుంచే వెళ్ళాలి, పికప్ దగ్గరున్న జల్లెడ పెద్ద ముక్కల్నే ఆపుతుంది. పంప్ విప్పి చూడండి, లోపలి గోడల మీద గోరుకి తగిలే గీతలుంటే మార్చేయండి.

కంటికి కనిపించని పగులు

రిపేర్ చేయించాలా వద్దా అనే ముందు ఆ పార్ట్‌లో పగులు లేదని రూఢి చేసుకోవాలి, లేకపోతే పాలిష్ కోసం పెట్టిన డబ్బంతా వృథా. సన్నటి తీగని అటూ ఇటూ వంచుతూ పోతే కొంతసేపు ఏమీ కానట్టే ఉండి ఒక్కసారిగా తెగుతుంది కదా, రాడ్లూ క్రాంకులూ అలాగే తెగుతాయి. పైకి బాగా కనిపించడం దేనికీ హామీ కాదు.

స్టీలు, ఇనుము పార్టులకి మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ చేయిస్తారు. పార్ట్‌ని అయస్కాంతంలా మార్చి, మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవం పోసి, అల్ట్రావయొలెట్ లైట్ కింద చూస్తే పగులున్న చోట రజను గీతలా పేరుకుంటుంది. టెస్ట్ అయ్యాక డీమాగ్నెటైజ్ చేశారా అని తప్పకుండా అడగండి, చేయకపోతే ఆ పార్టే ఆయిల్‌లోని రజనునంతా లాక్కుంటుంది.

అల్యూమినియానికి, టైటానియానికి ఇది పనిచేయదు. వాటికి డై పెనిట్రెంట్, ఇది మీరే చేసుకోవచ్చు. పార్ట్‌ని జిడ్డు లేకుండా బాగా కడిగి ఆరబెట్టి, ఎర్రటి డై కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు, వదిలేయండి. తర్వాత గుడ్డకి క్లీనర్ తడిపి పైనున్న డైని తుడవండి. క్లీనర్‌ని పార్ట్ మీద నేరుగా కొడితే పగుల్లోకి దిగిన డై కూడా కొట్టుకుపోతుంది, ఇక ఏమీ కనపడదు. పైన తెల్లటి డెవలపర్ పలచగా కొట్టి ఆగితే, పగులుంటే ఎర్రటి గీత మెల్లగా పైకొస్తుంది.

క్రాంక్

బేరింగ్ పోయి జర్నల్ మీద గీతలు పడిన క్రాంక్‌ని పారేయక్కర్లేదు. అండర్‌సైజ్‌కి, అంటే అసలు సైజు కంటే కొద్దిగా సన్నగా, గ్రైండ్ చేయించి, 0.25 మి.మీ. లేదా 0.50 మి.మీ. అండర్‌సైజ్ బేరింగులు వేయొచ్చు, అవి మీ ఇంజన్‌కి దొరుకుతాయో లేదో మాత్రం గ్రైండింగ్‌కి ముందే కనుక్కోండి. ఇక్కడ రెండు మెలికలున్నాయి. మంచి క్రాంకులకి నైట్రైడింగ్ (పై పొరని గట్టిపరిచే ట్రీట్‌మెంట్) చేసి ఉంటారు, ఆ గట్టి పొర లోతు మి.మీ.లో కొద్ది వంతే, గ్రైండ్ చేస్తే అది పలచబడుతుంది లేదా పూర్తిగానే పోతుంది, మళ్ళీ నైట్రైడింగ్ చేయించాల్సి రావచ్చు. రెండోది, జర్నల్ పక్క గోడని కలిసే చోట ఉండే గుండ్రటి మూల. గ్రైండింగ్ రాయి ఆ గుండ్రాన్ని చెరిపి పదునైన మూల చేసిందంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. గ్రైండింగ్‌కి ఇచ్చేటప్పుడే ఆ రేడియస్ ఎంత ఉండాలో కాగితం మీద రాయించండి.

జర్నల్ నీలంగా మారితే సంగతి వేరు. ఆ నీలం అంటే స్టీలు బాగా కాలిందని, గట్టిదనం పోయి ఉండొచ్చని. హార్డ్‌నెస్ కొలిపించి, పగులు టెస్ట్ చేయించి, రెండూ బాగుంటేనే గ్రైండింగ్. పగులు కనిపిస్తే క్రాంక్ పారేయాల్సిందే, దానికి వెల్డింగ్ అనే మాట ఎక్కువ ఆర్‌పీఎం ఇంజన్ విషయంలో నేను ఒప్పుకోను.

రాడ్లు, రాడ్ బోల్టులు

నా మటుకు నేను అస్సలు రాజీపడని చోటు ఇదే. పెద్ద కన్ను (క్రాంక్‌కి తగులుకునే పెద్ద రంధ్రం) కొద్దిగా అండాకారంలోకి వచ్చిన స్టీలు రాడ్‌ని క్యాప్ కోసి హోన్ చేసి (రాయితో సన్నగా అరగదీసి) మళ్ళీ సైజుకి తేవచ్చు, ఇది మంచి రిపేరే, భయపడక్కర్లేదు. కానీ బేరింగ్ లోపల తిరిగిపోయి పెద్ద కన్ను నీలంగా మారిన రాడ్, వంగిన రాడ్, మెలి తిరిగిన రాడ్, వీటిని సరిచేసి వాడొద్దు. ప్రెస్‌లో పెట్టి నిటారుగా చేయొచ్చు, కొలిస్తే సైజు సరిగ్గానే రావచ్చు, కానీ ఒకసారి వంగి మళ్ళీ వెనక్కి వచ్చిన చోట ఆ లోహం మునుపటిలా ఉండదు. సిలిండర్‌లోకి నీళ్ళో పెట్రోలో చేరి హైడ్రోలాక్ అయిన ఇంజన్‌లో రాడ్ పొడవు కొలవడం మర్చిపోకండి, కంటికి నిటారుగా కనిపిస్తూనే పొట్టిదై ఉంటుంది.

అల్యూమినియం రాడ్లకి ఆయుష్షు లెక్క ఉంటుంది. మంచి స్టీలు ఒక హద్దు లోపల లోడ్ పడినంతకాలం అలిసిపోకుండా నడుస్తుంది, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి పరుగూ కొంత ఆయుష్షు తినేస్తుంది. తయారీదారు చెప్పిన పరుగులు అయిపోతే పగులు లేకపోయినా మార్చాలి.

బోల్టుల దగ్గరికొస్తే, బిగించకముందు ఒక్కో బోల్టు పొడవు కొలిచి రాసుకోండి. విప్పాక మళ్ళీ కొలవండి. ఇంచులో వెయ్యో వంతు, అంటే దాదాపు 0.025 మి.మీ. శాశ్వతంగా సాగి ఉంటే ఆ బోల్టు అయిపోయినట్టే. మొదటి కొలత లేకపోతే వాదన లేకుండా కొత్త సెట్ వేయండి. పై గేర్ నుంచి పొరపాటున మరీ కింది గేర్‌లోకి పడి ఇంజన్ హద్దు దాటి తిరిగిందా? అప్పుడు కొలత బాగున్నా బోల్టులు మార్చండి, వాల్వులు కూడా విప్పి చూడండి.

పిస్టన్లు

పిస్టన్ స్కర్ట్ (రింగుల కింద ఉండే పక్క గోడ) మీద తేలికపాటి గీతలు, పూత కొద్దిగా లేచిపోవడం, ఇంతవరకే అయితే సైజు కొలిచి మళ్ళీ వాడుకోవచ్చు. పిన్‌కి రెండు పక్కలా నాలుగు మూలల్లో రాపిడి ఉంటే వేడికి పిస్టన్ ఉబ్బి పట్టేసిందన్నమాట, క్లియరెన్స్ (పిస్టన్‌కి, సిలిండర్ గోడకి మధ్య ఖాళీ) లెక్కో కూలింగో చూసుకోండి. రింగు గాడిలో కొత్త రింగు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి, ఆ ఖాళీ తయారీదారు హద్దు దాటితే కొత్త రింగులు వేసినా సీల్ అవ్వదు.

డిటోనేషన్ తిన్న పిస్టన్‌ని పైపైన పాలిష్ చేసి వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అంచులో గుంటలు కంటికి కనిపిస్తున్నాయంటే పై రింగు గట్టు అప్పటికే చాలా దెబ్బలు తింది, వేడికి మెత్తబడి కూడా ఉండొచ్చు. వద్దు. అన్నట్టు పిస్టన్ మార్చేటప్పుడు లోహం కూడా చూసుకోండి. 4032 మిశ్రమంలో సిలికాన్ దాదాపు 12 శాతం, తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి బిగువుగా కూర్చోబెట్టొచ్చు, కానీ డిటోనేషన్‌కి పెళుసుగా విరుగుతుంది. 2618లో సిలికాన్ చాలా తక్కువ, దెబ్బని ఎక్కువ ఓర్చుకుంటుంది, ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఎక్కువ క్లియరెన్స్ కావాలి. ఒక రకం పోయిందని అదే క్లియరెన్స్‌కి ఇంకో రకం వేయకూడదు.

బ్లాక్, హెడ్

రిపేర్‌కి నిజంగా విలువుండేది వీటి దగ్గరే. ఇనుప బ్లాక్‌లో సిలిండర్ గీసుకుపోతే బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయొచ్చు, లేదా స్లీవ్ దించొచ్చు. బోర్ చేయించే ముందు అల్ట్రాసౌండ్‌తో గోడ మందం కొలిపించండి, ముఖ్యంగా బూస్ట్ ఇంజన్ అయితే. వాటర్ జాకెట్ బయటి గోడ పగిలితే ఇనుముకి చల్లగానే పిన్నులు దింపి కుట్టే పద్ధతి ఉంది, అది బాగా నిలుస్తుంది. మెయిన్ బేరింగ్ గోడలో పగులొస్తే మాత్రం ఆ బ్లాక్ మీద ఆశ వదులుకోండి. నికాసిల్ అనే గట్టి నికెల్ పూత ఉన్న సిలిండర్‌ని మామూలుగా బోర్ చేసి వదిలేయడం కుదరదు, పాత పూత తీసి మళ్ళీ వేయించాలి.

అల్యూమినియం హెడ్ వేడికి వంగితే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. చాలా ఇంజన్లకి 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్యలో హద్దు ఉంటుంది. దాటితే ప్లేనింగ్ (ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయించొచ్చు, అయితే ఎంత తీస్తే అంత కంప్రెషన్ పెరుగుతుంది, హెడ్‌లోనే క్యామ్ ఉండే ఇంజన్లలో క్యామ్ టైమింగ్ కూడా కొద్దిగా జరుగుతుంది, ఇప్పటికే నాకింగ్ (డిటోనేషన్ చప్పుడు) అంచున ఉన్న ఇంజన్‌కి ఇది చిన్న విషయం కాదు. బాగా కాలిన హెడ్ అయితే హార్డ్‌నెస్ కూడా కొలిపించండి. మెత్తబడిన హెడ్‌ని ఎంత నున్నగా ప్లేన్ చేసినా మళ్ళీ వంగుతుంది, వాల్వు సీట్లు వదులవుతాయి.

వాల్వు సీట్ల మధ్య పగులుకి వెల్డింగ్ చేయించొచ్చు, తర్వాత ప్రెషర్ టెస్ట్ తప్పనిసరి. ఎక్కువ వెల్డింగ్ పడితే మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్, సీట్లు, గైడ్లు, ఫేసింగ్ అన్నీ చేయించాలి. పోర్టింగ్ (గాలి దారుల్ని చెక్కి సరిచేయడం) మీద చాలా పని పెట్టిన హెడ్ అయితే ఇంత చేయించడంలో అర్థముంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న హెడ్‌కి ఇంకోటి తెచ్చుకోవడమే నయం.

వాల్వులు, స్ప్రింగులు, క్యామ్

వంగిన వాల్వుని నిటారు చేయొద్దు, మార్చండి. ఎగ్జాస్ట్ వాల్వు తల లోపలికి కుంగినట్టున్నా, కాండం సాగినా అంతే. స్ప్రింగులు టెస్టర్ మీద పెట్టి, అసలు ప్రెషర్‌లో 10 శాతం తగ్గితే సెట్ మొత్తం మార్చండి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (లిఫ్టర్ అడుగు నేరుగా క్యామ్ మీద రాసుకునే రకం) అయితే క్యామ్, లిఫ్టర్లు కలిసే అరుగుతాయి, కొత్త క్యామ్ మీద పాత లిఫ్టర్లు వేస్తే క్యామ్ త్వరగా పోతుంది.

టర్బో

కంప్రెసర్ వీల్ రెక్క అంచు చిన్నగా విరిగినా ఫైల్‌తో రుద్ది వాడొద్దు. చాలా టర్బోలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి, ఆ వేగంలో కొద్దిపాటి అసమతూకం కూడా బేరింగుల్ని తినేస్తుంది. వీల్ మార్చి బ్యాలెన్స్ చేయించండి, లేదా మధ్య భాగం మొత్తం, అంటే కార్ట్రిడ్జ్ మార్చండి. టర్బైన్ హౌసింగ్‌లో వేస్ట్‌గేట్ దగ్గర లోపల చిన్న వేడి పగుళ్ళు మామూలే, బయటి గోడ దాకా వచ్చిన పగులు మామూలు కాదు. విరిగిన ముక్క ఎటు పోయిందో వెతకండి, అది ఇంటర్‌కూలర్‌లోనే కూర్చుని ఉండొచ్చు.

ఇప్పుడు డబ్బు లెక్క

గ్రైండింగ్ రేటు ఒక్కటే రిపేర్ ఖర్చు కాదు. టెస్టింగ్, అండర్‌సైజ్ బేరింగులు, మళ్ళీ నైట్రైడింగ్, బ్యాలెన్సింగ్, రాను పోను రవాణా, ఇంజన్ ఖాళీగా పడుండే రోజులు, అన్నీ ఒక కాగితం మీద వేయండి. ఆ మొత్తం కొత్త పార్ట్ ధరలో సగం దాటితే నేను కొత్తదాని వైపే మొగ్గుతాను, విరిగితే ఇంజన్ మొత్తాన్ని తీసుకుపోయే పార్ట్ అయితే సగం కంటే ముందే. పార్ట్ తయారీ ఆగిపోయి దొరకనిదైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఎంత ఖర్చయినా మంచి రిపేరే దారి.

ఒక్క పిస్టనో ఒక్క రాడ్డో మార్చాలంటే మిగతా వాటి బరువుతో సరిపోల్చండి, రాడ్ అయితే పెద్ద కన్ను, చిన్న కన్ను విడివిడిగా తూచాలి. బరువులో తేడా సరిచేయలేనంత ఉంటే, లేదా కొత్తది వేరే డిజైన్‌ది అయితే, క్రాంక్‌ని మళ్ళీ బ్యాలెన్స్ చేయించాలి. చాలా నడిచిన రాడ్ల సెట్‌లో ఒకటి అలసిపోయి పగిలిందని తేలితే మిగతావీ అదే వయసువని గుర్తుపెట్టుకోండి, సెట్ మార్చడమే మంచిది.

మెషిన్ షాపు నుంచి పార్టులు తెచ్చుకున్నాక వాళ్ళిచ్చిన కొలతల్ని మీ మైక్రోమీటర్‌తో మళ్ళీ చూసుకోండి, క్రాంక్ ఆయిల్ రంధ్రాల్లోకి బ్రష్ దింపి మరీ కడగండి. ఇంజన్ కట్టాక మొదటి విడత ఆయిల్ త్వరగా దించి ఫిల్టర్ కోసి చూడండి. మొదటి విడతలో కాస్త సన్నటి రజను ఉండటం సహజం. రాగి రంగు కనిపిస్తే మాత్రం ఇంకో చుట్టు తిప్పి చూద్దాం అనుకోకుండా సంప్ దించి బేరింగులు విప్పండి, ఆ దశలో అయితే క్రాంక్ ఇంకా దక్కుతుంది.